గ్లౌజులు లేకుంటే వాపస్

ఆదివారం మధ్యాహ్నం, బీరంగూడల నర్సింలు కిరాయి గది. మగోళ్లు మగోళ్లను వెతుక్కునే యాప్‌ల, మొఖం చూపెట్టకుండ నెల దినాలు ముచ్చట పెట్టిన మనిషి తలుపు కొట్టిండు. తీసి చూస్తే పాశమైలారం కంపెనీల తన సేఫ్టీ ఆఫీసరే!

"మీరా సార్!"

"జల్దీ లోపలికి రానియ్యి. ఎవలన్న సూస్తరు."

తలుపు మూసినంక సార్ చెయ్యి పట్టుకున్నడు. నర్సింలు దిండు కిందికెల్లి కండోమ్ తీసిండు.

"ముందుగాల్ల గిది, సార్."

"నాకు గవి నచ్చయ్. రోగమున్నోని లెక్క కనవడుతున్ననా నీకు?"

"నిన్న గ్లౌజులు మర్శిపోతే మీరే గేటు కాడికెల్లి వాపస్ పంపిండ్రు. ఒక్కరోజుకు ఏం కాదంటే విన్నరా?"

"అది ఆసిడ్ పనిరా!"

"ఆసిడ్ పడితే ఎంబడే మంట తెలుస్తది. ఈ హెచ్‌ఐవీ రోగం అంటుకుంటే యేండ్లదాక తెల్వది. మీరు టెస్టు ఎప్పుడు చేయించుకున్నరు?"

సార్ పట్టుకున్న చెయ్యి ఇడిచిపెట్టిండు.

"నేను మొన్ననే చేయించుకున్న, సర్కారు దవాఖానల. పైస అడగలే, ఎవ్వలు కసరలే."

"ఎక్కువ మాట్లాడకు. నీ గేట్ పాస్ నా చేతుల ఉన్నది."

ఆ పాస్ పోతే కూడు పోతది. అయినా నర్సింలు పోయి తలుపు బార్లా తీసి నిలబడ్డడు.

"గుంజుకోండ్రి సార్. అక్కడ మీ గేటు, మీ రూలు. ఇది నా గేటు."

సార్ గడప దాక పోయిండు. చెప్పులు తొడుక్కోకుండ అక్కడే ఆగిండు. తల ఎత్తకుండ, గొంతు తగ్గించి అడిగిండు.

"ఆ టెస్టు కాడ... పేరు పెట్టి గట్టిగ పిలుస్తరా?"