ఆసామిగారి గొలుసు గడియారం

1984 జూన్ 11, సోమవారం ఉదయం. నూజివీడు బస్టాండు వెనుక సందులో భానుమూర్తి గడియారాల కొట్టు. ఉన్నవారు ఇద్దరే: కొట్టు యజమాని భానుమూర్తి, రెడ్డిగూడెం మామిడితోటలో కూలికి వెళ్ళే అచ్చమ్మ.

“ఇంకోసారి చూడండి బాబూ. సరిగ్గా చూడండి.”

“రెండుసార్లు విప్పి చూశానమ్మా. లోపల చుక్క నీరు లేదు. తుప్పు మరకైనా లేదు.”

“ఎట్టా ఉండదండీ? బాయిలో పడిందిగా!”

“ఎవరిదన్నావు ఇది?”

“మా తోట ఆసామి పాండురంగారావుగారిదండీ. వాళ్ళ తాతగారి నాటిదంట. మా యలమంద బాయిలో పడ్డప్పుడు ఆయనే దూకారు. చొక్కా గుండీకి గొలుసు అట్టానే ఉంది, అట్టానే దూకారు. అప్పట్నించీ ఇది నడవట్లా.”

“యలమంద అంటే… మీ అబ్బాయా?”

“ఏడేళ్ళండీ.”

“బయటికి తీశారా?”

“తీశారండీ. తీశారు. తీశారు గానీ…”

“అయ్యో. కూర్చో తల్లీ. ఆ స్టూలు లాక్కో.”

“పర్లేదండీ, నిలబడతా. మీరు దాని సంగతి చూడండి.”

“దీని సంగతేముంది, కీ ఇవ్వక ఆగింది, అంతే. ఇదిగో, తిప్పాను. విను.”

“ఆపండి! ఆపండి బాబూ, మీకు దణ్ణం పెడతా, ఆపండి!”

“ఇదేంటమ్మా! బాగుచెయ్యమని తెచ్చి, నడుస్తుంటే ఆపమంటావేంటి?”

“బాగుచెయ్యమనలేదండీ. ఆసామిగారింట్లో అమ్మగారిని అడిగి తెచ్చా. తడిసిందని ఒక కాయితం రాసిస్తారేమోనని.”

“కాయితం దేనికి?”

“మా ఆయన నరసింహులు కోసం. ఆసామి ముందుగా గడియారం ఊడదీసుకుని, ఆనక దూకారని ఎవరో చెవిలో వేశారండీ. ఆ కాస్త సేపు ఆగకపోతే బిడ్డ దక్కేవాడని… అన్నం ముట్టడు. మామిడి మొక్కలకి అంట్లు కట్టే కత్తి తలకింద పెట్టుకు పడుకుంటన్నాడు. రేపు ఆసామి తోటకొస్తారండీ.”

“మరి అదే నిజమేమో. ఇది పొడిగా ఉందిగా.”

“మీరూ అదే అంటే నేనేమైపోవాలండీ? పిల్లోడు పోయాడు. ఈయన జైలుకి పోతే?”

“నీ బాధ నాకు తెలుస్తూనే ఉంది. కానీ లేనిది ఉందని ఎలా రాయనమ్మా?”

“రాయకండి. తడవలేదనే రాసివ్వండి, పోనీ. అదే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడతా.”

“ఆ చీటీల పుస్తకం ఇటందుకో.”

“రాయండి మరి!”

“ఉండు. కళ్ళజోడు పెట్టుకోనీ.”

“ఏం రాశారండీ?”

“‘బావి నీళ్ళలో తడిసి ఆగిన గొలుసు గడియారం. లోపలి నీరు తీసి బాగుచేశాను.’ చాలా?”

“మీ సంతకం?”

“పెట్టాను. కింద కొట్టు ముద్ర కూడా వేశాను. ఇదిగో, మడిచి ఇస్తున్నా.”

“ఇట్టా ఇవ్వండి, రొండిన దోపుకుంటా. చల్లగా ఉండండి బాబూ.”

“అచ్చమ్మా… అడగకూడదు గానీ, గట్టు మీద పెట్టి దూకారా ఆయన?”

“గట్టు మీద కాదండీ. ‘ఇంద, పట్టుకో’ అని నాకే ఇచ్చారు. నా చేతులు మట్టిగా ఉంటే, కొంగుకి తుడుచుకుని, రెండు చేతులూ పట్టానండీ.”