సర్వనామాల పాఠానికి తెచ్చిన మేక

నా పేరు రాజశ్రీ, భర్త పేరు సందీప్. వయసు ముప్పై నాలుగు. పుట్టిల్లు ఆదోని, కాపురం ఎమ్మిగనూరు. ఇంటి వరండాలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. నాకు మేకల వ్యాపారం లేదు.

శనివారం సాయంత్రం ఐదింటికి సర్వనామాల పాఠం. పేరుకు బదులు వాడే మాటే సర్వనామం. పని ఆమె చేస్తే షీ, పని ఆమె మీద జరిగితే హర్ అని నెల రోజులుగా చెబుతున్నాను. పిల్లలు మాత్రం "హర్ వెంట్" అంటూనే ఉన్నారు. ప్రాణం విసిగింది. ఇక ఇట్ కోసం పెన్సిల్ డబ్బా చూపిస్తే ఆవలించారు. అందుకని వెనక వీధి గోవిందన్నను ఒక మేకను ఇమ్మని అడిగాను. "గోడకాడ నల్లది కట్టేసినాను, తోలకపోమ్మా" అన్నాడు. గోడ దగ్గర నల్లవి రెండున్నాయి. లావుగా ఉన్నదాన్ని తెచ్చాను. అది ఆయన పక్కింటి మదార్‌బీదని, చూలుతో ఉందని నాకు తెలియదు.

దాని మెడలో 'ఇట్' అని రాసిన అట్ట కట్టాను. పిల్లలు గంతులేశారు. హర్షిత ఆకు పెడితే "షీ ఫెడ్ ఇట్" అని తాహెర్ తనంతట తానే అన్నాడు. అంతలో మేక కూలబడి అరవసాగింది. ఈనబోతోందని హర్షిత చెప్పేదాకా నాకు తట్టలేదు.

అప్పుడే మదార్‌బీ, కానిస్టేబుల్ మద్దయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. మేక పోయిందని ఫిర్యాదు ఇచ్చిందట. నన్ను తిట్టబోయి, మేకను చూసి నేల మీద కూర్చుంది.

"పోయినతూరి ఈనినప్పుడు పిల్లలు దక్కల్యా టీచరమ్మా. దీనికేమన్నా అయితే నేనెట్ల బతకాల?" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పట్టుకోమంటే పట్టుకున్నాను, నీళ్ళు తెమ్మంటే తెచ్చాను. మద్దయ్య టోపీతో మేకకు గాలి విసిరాడు. రెండు పిల్లలు పుట్టాయి. రెండూ లేచి నిలబడ్డాయి. మదార్‌బీ నవ్వు ఆపుకోలేకపోయింది.

తర్వాత మద్దయ్య టోపీ పెట్టుకుని, "ఇంతకీ మేకను ఈడికి తోలకచ్చింది ఎవురప్పా?" అని పిల్లలను అడిగాడు.

అందరూ నా వైపు వేలు చూపి, ఒక్క గొంతుతో "షీ టుక్ ఇట్, సర్" అన్నారు. ఒక్కరూ హర్ అనలేదు. దొంగతనం నా మీద పడుతోందని తెలిసి కూడా నాకు పట్టరాని సంతోషమైంది. "వెరీ గుడ్" అన్నాను. మద్దయ్య దాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నాడు.

"కేసు గీసు వద్దప్పా. ఈయమ్మ చేతుల్లోనే ఈనింది" అని మదార్‌బీ అంది.

అయినా వాంగ్మూలం ఇమ్మని స్టేషన్‌లో మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పిల్లలు షీ అన్నది నన్నే, ఇట్ అన్నది మదార్‌బీ మేకనే. వాళ్ళ వాక్యంలో తప్పు లేదు. ఇది నిజమని, ఎవరి బెదిరింపూ లేకుండా, సంతోషంగా సంతకం చేస్తున్నాను.

(సంతకం)
రాజశ్రీ