ఆమె గొంతు తీసేసిన పాట

ఒక రాక్ గాయకుడు బ్యాండు వదిలేశాక భార్యతో కలిసి చేసిన ఆల్బమ్‌ని, ఆయన పోయిన ఇన్నాళ్లకు మళ్లీ విడుదల చేస్తున్నారు. స్టూడియోలో సౌండ్ ఇంజనీరు పక్కన ఆ భార్యే కూర్చుంది.

"ఏమనుకోకండమ్మా. మీ గొంతే ఆయన పాటల్ని పాడుచేసిందని అప్పట్లో అందరూ ఆడిపోసుకున్నారుగా. అది తీసేసి ఇమ్మని కంపెనీవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

"తీసెయ్యి బాబూ. ఆ మాటలు నాకేం కొత్తా?"

"తీశానండీ. అక్కడే వచ్చింది చిక్కు. మీ గొంతు ఆపితే రెండో చరణంలో ఆయన కూడా ఆగిపోతున్నారు."

"అదెలా? ఆయన ఒక్కడే మొత్తం పాడేశాడు. నా గొంతు వారం తర్వాత కలిపారు."

"మీరే వినండి."

పాట మొదలైంది. రెండో చరణం దగ్గర ఆయన గొంతు ఆగింది. స్పీకర్లలో ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"స్టేజీ మీదా ఇంతే. నేను అందుకుంటే గానీ కదిలేవాడు కాదు."

ఆమె స్పీకరు వైపు వంగి, తన వంతు పాడింది.

వెంటనే ఆయన అందుకున్నాడు.

"బాబూ, నా గొంతు మళ్లీ పెట్టావా?"

"లేదమ్మా. నేను దేన్నీ ముట్టుకోలేదు."