ముప్పై ఎనిమిది పాయింట్లు ఎవరు తిన్నారు

హలో… ఆ, నేనే, తిమ్మప్ప మామనే. సెప్పు హరితా. ఆ సిబిల్ రిపోర్టు సూసినావా?

…ఎనిమిదొందల అరవై రెండు. అది నాకూ కనపడతాండాది. తొమ్మిదొందలకు గదా లెక్క? తక్కిన ముప్పై ఎనిమిది యాడికి పోయె?

…మంచి స్కోరా! నీ మాదిరి ఆడిటరు ఆఫీసులో పనిజేసేవాళ్లంతా ఇదే మాట. మంచిదయితే నిండుగా యాల లేదు? ఆరో తరగతిలో బడి మానేసినోడికి తీసివేత రాదనుకుంటివా?

…ఆవుల లోను ఒక్క నెల తప్పలేదమ్మా. పాల బిల్లులోనే పట్టుకుంటారు. బంగారు లోను గడువుకు ముందే కట్టేస్తి. నా పేరు మీద ఇంకెవురో లోను తీసుకోనుండారు.

…ఎవురో అంటే… ఎవురో.

…సరే, దాపరికం యాల? మీ నాయనే. పోయినేడు డ్రిప్పు పైపులకని నా ఆధారు జిరాక్సు తీసుకునె. తిరిగి ఇచ్చినాడా?

…అరవద్దు! అవును, నిన్న మీ వాకిట్లోనే అడిగినా. మీ నాయన బోరు లోనుకు జామీను సంతకం పెట్టననీ సెప్పినా. మీ అమ్మ నా అక్కే, కాదన్నానా? అన్నం పెడితే తినకుండానే వచ్చేస్తి.

…సదువు మరి. నువ్వే సదువు.

…వేరే లోను ఒక్కటీ లేదా? కింద సూడు, కిందనే పెడతారు ఇట్లాంటివి.

…మూడు బ్యాంకులోళ్లు నా పేరు తెరిచి సూసినారా! సూస్తివా, నేను సెప్పలా! యాడ? ఎప్పుడు?

…మే ఆరు, మదనపల్లె. …ఏడు, పుంగనూరు. …తొమ్మిది, కుప్పం.

…ఉండు. మే నెలా?

…అది నేనేమ్మా. ట్రాక్టరు లోనుకు పోయింటి. టమాటాకు మూడు మార్కెట్లలో రేటు అడిగి, యాడ బాగుంటే ఆడ దించుతాం గదా? వడ్డీ కూడా అట్లే అడిగినా. అప్లికేషను నింపమనిరి, మూడు సోట్లా నింపినా.

…నింపిన ప్రతిసారీ కొంచెం తగ్గుతాదా? అడిగినందుకే కోతా? మార్కెట్లో రేటు అడిగితే నా టమాటా బరువు తగ్గుతాదా, సెప్పు!

…ఇంకా? …పాత లోన్లు మూసేసింది కూడానా? తొందరగా కట్టినా తప్పేనా?

…దేనికి ఎన్ని పోయినాయో కచ్చితంగా సెప్పలేరా? తొమ్మిదొందలు దాదాపు ఎవురికీ రాదా.

…మీ నాయన బ్యాంకు కాడనే కూసోనుండాడా? పొద్దున్నుంచీనా?

…మూడు గంటల లోపలేనా. వస్తాలే. చౌడేపల్లె నుంచి పుంగనూరు ఎంత దూరం? ఆటోలో వచ్చి పెడతా సంతకం.

…కాకపోతే ఒక మాట. దేనికి ఎన్ని పాయింట్లు పోయినాయో కచ్చితంగా తెలీదంటివే? రిపోర్టు సదివింది నువ్వు. మీ నాయన పేరు ఉంటే నాకు సెప్తావా?

…ఊరికే అడిగినా. అడిగితే తప్పా?

…హరితా?

…నేను రావద్దా? మరి జామీను ఎవురు పెడతారు?

…నువ్వా! యాడుండావు నువ్వు? …బస్సులోనా? పలమనేరు దాటేసినావా అప్పుడే?

…నీ స్కోరు ఎంతేమి? …ఏడొందల ముప్పై. దానికే సాలన్నారా బ్యాంకోళ్లు?

…కాదమ్మా, నా మాట విను. బావకు ఒకసారి నేను… హలో. హలో, హరితా…