మంగళవారం మోగిన సైరన్

కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ పెద్దలకు, అమ్మలకు, మా ఆఫీసు మిత్రులకు నమస్కారం. వదినగారూ, అమ్మా చిన్నమ్మాయీ, మిమ్మల్ని ఏం చెప్పి ఓదార్చాలో నాకు తెలియడం లేదు.

మనమంతా సైరన్ మామయ్య అని పిలుచుకున్న మనిషి ఇక లేరు. నాకు మాత్రం ఆయన అన్నయ్య. రక్తసంబంధం లేదు. ఒకే గదిలో ఎదురెదురు బల్లలు, అంతే.

పెద్దవాళ్లకు గుర్తుందా? అణుబాంబు పడబోతోందంటే ఊరిని హెచ్చరించడానికి మా ఆఫీసు మేడమీద ఒక సైరన్ ఉండేది. ప్రతి సోమవారం పదకొండింటికి అన్నయ్య దాన్ని మోగించి పరీక్షించేవారు. అది విని గడియారాలు సరిచేసుకున్నవాళ్లం మనం! వాన వస్తే గొడుగు ఆ సైరన్‌కి పట్టి, తాను తడుస్తూ నూనె వేసేవారు. వదినగారు ఎంత మొత్తుకున్నా వింటేనా?

బాంబంటే ఆయనకు గట్టి నమ్మకం. రోజూ టీ దగ్గర అదే వాదన. “మన దగ్గరా ఉంది, వాళ్ల దగ్గరా ఉంది. ఇక ఎవడు చెయ్యెత్తుతాడురా? అందుకే మనం హాయిగా టీ తాగుతున్నాం” అనేవారు. అంత హాయైతే మేడమీద సైరన్ దేనికని నేను తగులుకునేవాణ్ని. “నీ నోరు వినపడకుండా చెయ్యడానికి” అనేవారు. ఎంత మంచి రోజులవి! టీ చల్లారేది, వాదన చల్లారేది కాదు.

ఒక వారం సోమవారం సెలవొచ్చింది. పరీక్ష మంగళవారానికి మార్చారు. మారిందని ఊరికి చెప్పలేదు. పదకొండింటికి సైరన్ మోగింది. సోమవారం మోగితే పరీక్ష, ఇంకోరోజు మోగితే నిజం. ఇది ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు కదా!

ఆ రోజు ఏం జరిగిందో నేను వేరే చెప్పాలా? సగం గీసిన గడ్డంతో, మొహం నిండా నురగతో ఒకాయన వీధి వెంట పరుగెత్తాడు. తరవాత ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. ఆ పూట మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆడపిల్లల బడిలో టీచరమ్మ పిల్లల్ని బెంచీల కింద కూర్చోబెట్టి, ఎవరి పేరు, ఎవరి నాన్న పేరు వాళ్ల చేతిమీద సిరాతో రాసుకోమంది. ఎందుకో పిల్లలకు తెలియదు. టీచరమ్మకు తెలుసు.

తప్పు తెలియగానే అన్నయ్య బడికి పరుగెత్తారు. కూతురి చేతిమీద, ఈ చిన్నమ్మాయి చేతిమీద, తన పేరు చూశారు. కుళాయి దగ్గర కూర్చోబెట్టి రుద్ది రుద్ది కడిగారట. మర్నాడు టీ ముట్టలేదు. నాతో ఒక్క మాటే అన్నారు. “నేను చెప్పినట్టే జరిగిందిరా. మన దగ్గరా ఉంది, వాళ్ల దగ్గరా ఉంది, ఎవడూ వెయ్యలేదు. మరి నా బిడ్డ చేతిమీద నా పేరెందుకు రాసుకుంది?” బాంబు మనల్ని కాపాడుతుందన్న మాట ఆయన నోట మళ్లీ వినలేదు.

ఊరికి చెప్పడం మరిచిపోయింది తానేనని విచారణలో ఒప్పుకున్నారు. ఆయన్ని పాత సామాన్ల గదికి మార్చారు. చిన్నమ్మాయీ, బడిలో నిన్ను ఎంత ఏడిపించారో నాకు తెలుసు. ఎంతమంది ఆయన్ని తిట్టారో మీకందరికీ తెలుసు.

మరిచిపోయింది ఆయన కాదు.

పరీక్ష మంగళవారానికి మారిందన్న నోటీసు టైపు చేసి అన్నిచోట్లకీ పంపాల్సింది నేను. టైపు చేశాను, సొరుగులో పెట్టాను, పెళ్లికి వెళ్లాలన్న తొందరలో పంపడం మరిచిపోయాను. ఆ కాగితం అన్నయ్యకు దొరికింది. మడిచి జేబులో పెట్టుకున్నారు. “కొత్తగా చేరినవాడివి, నిన్ను ఇంటికి పంపేస్తారు. నేనున్నంతకాలం నోరు విప్పకు” అని ఒట్టు వేయించుకున్నారు. నేనూ హాయిగా ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు ఆ ఒట్టు చాటున దాక్కున్నాను. పిరికివాణ్ని, అంతకన్నా ఏం చెప్పను?

వదినగారూ, మీ కాళ్లు పట్టుకోవడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. క్షమించమని ఇవాళ అడగను. ఆయనకు రావలసిన మంచిపేరు మాత్రం ఆయనకు ఇవ్వండి. నలభై ఏళ్లుగా ఈ ఊరు తప్పుపట్టిన మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. అది మనసులో పెట్టుకుని అందరూ లేచి నిలబడండి. ఒక్క నిమిషం, ఎవరూ మాట్లాడకుండా.