పట్టికలో లేని పేరు

హలో… ఆ, నేనే మరిదిగారూ, నీ వదినని. ఇంకెవరనుకున్నావు? ఆఫర్లు పట్టుకుని క్యూ కట్టిన కంపెనీలనుకున్నావా?

…లేదులే, ఇవాళ ఇంట్లోనే పని. బాల్కనీలో బట్టలు తీస్తున్నా, వానొచ్చేలా ఉంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించాను, మెడ పట్టేసేలోపు చెప్పు. సంతకం పెట్టావా?

…పెట్టలేదా! టైమెంతయిందో చూశావా? నాలుగూ ఇరవై. ఐదింటికి ఆ ఆఫర్ గడువైపోతుంది నాయనా!

…ఆ, చదివాను. నేను తెచ్చిన ఆఫరే కదా, చదవనా? జీతం పాతదానికంటే పాతిక శాతం తక్కువ. చేరినందుకు బోనస్ లేదు. ఏడాది బోనస్ ఇస్తే ఇస్తారు, అదీ మూడేళ్ళపాటు ముక్కలు చేసి. ఇప్పుడందరూ ఇంతే ఇస్తున్నారు. పదేళ్ళుగా మీ లెక్కల వాళ్ళకి ఉద్యోగాలు వెతికిపెట్టడమే నా పని, కాస్త నమ్ము.

…ఇన్సూరెన్స్ కంపెనీ అయితే ఏం? మూతి ముడిచావు కదూ? ఇక్కణ్ణించే కనబడుతోంది. షేర్లు ఎప్పుడు కొనాలో చెప్పే ఫార్ములాలు రాసేవాళ్ళని ఫండ్లన్నీ వదిలించుకుంటున్నాయి. నీ టీమ్ ఎనిమిదిమందినీ ఒక్క మీటింగ్‌లో పంపించెయ్యలేదూ? ఇప్పుడు గిరాకీ అంతా నష్టం ఎంతొస్తుందో ముందే లెక్కగట్టేవాళ్ళకే. మంచి రోజుల్లో క్యాంటీన్లో వాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు కూడా కాదు మీరు. ఇప్పుడు వాళ్ళే పెళ్ళికొడుకులు.

…ఏంటీ? మోడలా? దేనికి మోడలు?

—ఆఫర్ ఒప్పుకోవాలా వద్దా అని లెక్కల మోడల్ కట్టావా! అయిదు నెలలు ఖాళీగా కూర్చుంటే ఇలాగే ఉంటుంది… సరే సరే, అలక్కు. చెప్పు.

…ఊఁ… ఊఁ… గడువు దాటనిస్తే మూడు వారాల్లో పద్దెనిమిది శాతం పెంచి మళ్ళీ వస్తారా? వాళ్ళే? ఎంతమంది మీద చూశావేంటి?

…రెండొందల పన్నెండు మందా! అంత డేటా నీకెక్కడ దొరికింది?

…నా పట్టికా? పేర్లు తీసేసి, నీకు కాలక్షేపానికని కిందటి నెల పంపాను, అదా? ఓరి నాయనో!

…ఆగు, నన్ను నవ్వనీ. నువ్వు నిజంగా పీహెచ్‌డీ చేశావా, కొరియర్లో తెప్పించుకున్నావా? ఆ పట్టిక నేను కమీషన్ రాబట్టుకోడానికి రాసుకున్నది. ఉద్యోగంలో చేరినవాళ్ళే ఉంటారు అందులో. చేరితేనే కదా నాకు డబ్బులు! బెట్టు చేసి, ఆఫర్ పోగొట్టుకుని, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నవాళ్ళని నేనెందుకు రాసుకుంటాను?

…

…పట్టిక మళ్ళీ తెరిచి చూస్తున్నావా?

…ఆఁ, ఇప్పుడు వెలిగింది బల్బు.

…కొద్దిమందే అయ్యుంటారా? ఎంతమందో నాకూ తెలీదు. ఒక్కరు మాత్రం తెలుసు.

…ఎవరంటే… ఉండు, ఈ బట్టల బుట్ట కింద పెట్టనీ.

మీ అన్నయ్య.

…కాదు. కంపెనీ కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసిందని, అందుకే ఆయన ఆఫర్ పోయిందని మీ అందరికీ అబద్ధం చెప్పింది నేనే. ఆయనకీ అదే చెప్పాను. …ఆ, అప్పుడు ఆయనా నీలాగే ఫార్ములాల మనిషే కదా. ఆరేళ్ళ కిందట మార్కెట్ పడిపోయి ఉద్యోగం పోతే, నేనే ఓ ఆఫర్ తెచ్చాను. ఆయన సంతోషంగా సంతకం పెడతానన్నారు. ఒక్కరోజు ఆగండి, కాగితాలింకా రాలేదన్నాను. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఆయనకి చెప్పకుండా, ఆయన అడిగినట్టుగా, కంపెనీని పదిహేను శాతం ఎక్కువ జీతం అడిగాను. అప్పుడు నా కాళ్ళు భూమ్మీద నిలిచేవి కావులే.

…తెల్లారేసరికి ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఒక్క లైను మెయిలు.

…పదకొండు నెలలు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని, హాల్లో సోఫాలో కూర్చునేవారు. ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా. చూడలేక నేను వంటింట్లో తిరుగుతుండేదాన్ని.

…నిజమే, స్కూల్లో లెక్కలు ఇష్టంగానే చెప్తున్నారు. కాదన్నానా? అయినా అది ఆయన ఎంచుకున్న దారి కాదు, నేను తోసిన దారి.

…లేదు, ఆయనకి తెలీదు. నీకే మొదట చెప్తున్నాను. నీ మోడల్‌ని ఓడించడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద లెక్క లేదు.

…వద్దు, నన్ను ఓదార్చకు. నాలుగూ నలభై రెండయింది! ఫోన్ పెట్టకుండా కంప్యూటర్ ముందు కూర్చో. …కూర్చున్నావా? …పాస్‌వర్డ్ మర్చిపోయావా! పేజీల కొద్దీ ఫార్ములాలు గుర్తుంటాయిగానీ ఎనిమిది అక్షరాలు గుర్తుండవు మహానుభావుడికి. కొత్తది పెట్టుకో. …ఆ. …ఆ. …సంతకం పేజీ వచ్చిందా? నొక్కు. ఆలోచించకు, నొక్కు!

…

…హమ్మయ్య. నాకూ మెయిలొచ్చింది. నాలుగూ యాభై ఒకటి. ఒళ్ళంతా చెమట పట్టించావు కదయ్యా!

…ఆ, వస్తుంది కమీషన్. నీకో చొక్కా కొనిపెడతాలే. నష్టాలు లెక్కపెట్టేవాళ్ళు వేసుకునే రంగుది.

…ఏంటీ? …నువ్వు చెప్తావా అన్నయ్యకి? వద్దు. …మెల్లగా సర్దిచెప్పడం నీకు చేతకాదు, నాకు తెలుసు. …అసలు చెప్పకుండా వదిలెయ్యమంటావా? ఆరేళ్ళు వదిలేశాగా. నీకు చెప్పినదాన్ని ఇక ఆయన ముఖం చూస్తూ ఎలా దాచను?

…తలుపు చప్పుడైంది. వచ్చేశారు, పరీక్ష పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని. బూట్లు విప్పుతున్నారు. …భయమా? ఎందుకుండదు, ఉంది. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను. ఉంటా మరి, పెట్టేస్తున్నా—

ఏవండీ… ఆ పేపర్లు పక్కన పెట్టి, ఒక్క నిమిషం ఇలా కూర్చోండి. ఆరేళ్ళ కిందట మీ ఆఫర్ పోయింది కదా… అది కంపెనీ తప్పు కాదండీ. నేనే పోగొట్టాను.