బోర్గిల్ పిన్ని పెన్సిలు

బూట్ల మంచు బయటే దులుపుకుని రా అమ్మాయ్. ఆ, కూర్చో. ఏంటా కాయితం, మన స్కీ క్లబ్బు వాళ్ళు పంపారా? ఓహో, ఎనభై రెండు నాటి పందెం ఫలితాన్ని ఇప్పుడు సరిచేస్తారా! క్లబ్బు ఫలకం మీద నాలుగో చోట ఉన్న నా పేరు తీసి మొదటి చోట చెక్కిస్తారన్నమాట. నా సంతకం ఒక్కటే తక్కువ. పెడతాలే, తొందరేముంది, కాఫీ తాగు ముందు. ఇది వింటే మా బోర్గిల్ పిన్ని ఏం చేసేదో తెలుసా? పెన్సిలు చివర కొరుక్కుంటూ కిటికీలోంచి చూసేది. నువ్వు చూళ్ళేదుగా ఆవిణ్ణి. మా అమ్మ చెల్లెలు. మనిషి గుప్పెడంతే గానీ, కొండమీద దుప్పి చెవి కదిలిస్తే కింద వంటింట్లోంచి చెప్పేసేది. మొగుడు పోయాక ఆయన తుపాకి నా చేతిలో పెట్టింది. నాకు పదకొండేళ్ళప్పుడు. కంచె మీద పైన్ కాయలు వరసగా నిలబెట్టి, "ఊపిరి సగం వదులు ఓస్మున్, మిగతా సగం నీ దగ్గరే ఉంచుకో, అప్పుడు నొక్కు" అనేది. తగిలితే "తగిలింది". తప్పితే "తప్పింది". రెండూ ఒకే గొంతుతో. పొగడ్త కోసం మొహం వాచిపోయానంటే నమ్ము.

ఆ ఎనభై రెండులో మన ఊళ్ళో తొమ్మిది దేశాల వాళ్ళతో పోటీ పెట్టారు. ఊరంతా పనివాళ్ళే. మా నాన్న మంచులో స్కీ తోవలు తొక్కాడు, రొట్టెల దుకాణం కోరే అని ఒకాయన ఉండేవాడు, ఆయన గంట కొట్టాడు, పిన్నికి గురుల దగ్గర కాపలా, ఏ గుండు తగిలిందో ఏది తప్పిందో రాసుకోవడం. మెడలో దుర్భిణి, చేతిలో అట్ట, పెన్సిలు. చలికి పెన్నులో సిరా గడ్డ కడుతుంది కదా, అందుకని పెన్సిలే. స్కీల మీద ఇరవై కిలోమీటర్ల పందెం, మధ్యలో ఆగి నాలుగుసార్లు కాల్చాలి, తగిలిన నల్లచుక్క పడిపోయి తెల్లబడుతుంది, తప్పిన ప్రతి గుండుకీ ఒక నిమిషం కలుపుతారు. నీకు చెప్పాలా, నువ్వూ పరిగెత్తినదానివే. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడి కాల్చొచ్చు. చివరిసారి నేను ఏడో గురికి వెళ్ళాను. పిన్ని అక్కడుందనే వెళ్ళాను, అదృష్టమని. పక్కన ఆరులో ఫిన్లండు కుర్రాడొకడు, ఆవిరి ఇంజనులా రొప్పుతున్నాడు. అయిదు గుండ్లు కాల్చి తలెత్తాను. నా గురి మీద అయిదు నల్లచుక్కలూ తెల్లబడి ఉన్నాయి. జనం అరుపులకి చెట్ల మీది మంచు రాలిందంటే చూసుకో. గీత దాటేసరికి నేనే ముందు, ముప్ఫై ఎనిమిది సెకన్లు. కోరే గంట తాడు తెంపేశాడు ఆ ఊపులో. అప్పుడు పిన్ని అట్ట తీసుకుని న్యాయనిర్ణేతల గుడిసెలోకి వెళ్ళింది. అందులో నా అయిదు గుండ్లలో ఒకటి తప్పిందని రాసి ఉంది. "అయిదూ తెల్లబడ్డాయి కదమ్మా, ఊరంతా చూశారు" అన్నాడు పెద్దాయన. "నేను చుక్కలు లెక్కపెట్టను, గుండ్లు లెక్కపెడతాను. వీడి మూడో గుండు వెనక మంచు దిబ్బలో పడింది, పొడి లేచింది. ఆ అయిదో చుక్క పక్కవాడు పొరపాటున పడగొట్టింది" అంది. నన్ను పిలిచి అడిగారు. "అయిదూ తెల్లగానే చూశాను" అన్నాను. పిన్ని నావైపు చూడలేదు. వాళ్ళు ఆవిడ అట్టనే నమ్మారు. నిమిషం కలిపితే నాలుగో చోటుకి జారాను.

ఇక చూడూ, ఊరు ఊరంతా ఒకటైంది. "సొంత అక్క కొడుకుని ముంచిన మనిషి" అని కోరే దుకాణంలో పొద్దున్నే మొదలు. మా అమ్మ ఆవిడకి తలుపు తీసేది కాదు. మరుసటేడు పోటీల్లో పిన్ని ఎప్పట్లాగే గళ్ళ గళ్ళ వాఫిళ్ళు అట్లలా పోసింది, పక్కన జామూ గోధుమరంగు చీజూ పెట్టుకుని. మన వాళ్ళొక్కరూ ఆ బల్ల దగ్గరికి పోలేదు. ఫిన్లండు వాళ్ళే తిన్నారు పాపం, ఏం తెలుసు వాళ్ళకి! చల్లారిన వాఫిళ్ళు దొంతరగా పేరుకుంటుంటే నేను అటు చూడకుండా నడిచి, అవతల ఇంకో బల్ల దగ్గర కొనుక్కున్నాను. ఆవిడ పిలవలేదు. ఒక్కమాట సంజాయిషీ చెప్పలేదు, పద్దెనిమిదేళ్ళూ. పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎంత తేలికో.

ఏంటి? పిన్నిదే పొరపాటని ఇందులో రాశారా? చదువు ఆ ముక్క. "కాపలాదారు చూపు దోషం వల్ల..." ఊఁ. చాలు, ఆపు.

మూడో గుండుకి నేను ఊపిరి ఆపలేదమ్మాయ్. నొక్కుతుండగానే తెలిసింది. పొడి లేవడం నేనూ చూశాను, ఆవిడ చూసినట్టే. నాలుగు తగిలాయని తెలిసీ తలెత్తితే అయిదు తెల్లగా ఉన్నాయి, ఇంకేం, పరిగెత్తాను. న్యాయనిర్ణేతల ముందు నేనన్నది అబద్ధం కాదు, అందుకే ఇన్నేళ్ళు నడిచింది.

పెన్ను వద్దు. ఆ సొరుగులో పెన్సిలుంది, అందుకో. సంతకం చోట కాదు, పైన, నా పేరు పక్కన రాస్తా. ఒకటి. ఒకటి తప్పింది. ఇది తీసుకెళ్ళి చదివి వినిపించు, ఇప్పుడు ఆ దుకాణం నడిపే కోరే కొడుక్కి కూడా.

కాఫీ చల్లారిపోయింది, ఇంకొంచెం పోయనా?